పది సెకన్ల పాత లయ

నాలుగో రోజు, పొద్దున

పదో తరగతి పరీక్షల తరువాత నేను రెండు పంక్తులకు మించి ఏదీ రాయలేదు. గొట్టంలో చప్పుళ్లు వినే మా వినికిడి గదిలో ఒక రిజిస్టరు ఉంది. గంటకొకసారి అందులో వినబడినది రాసి సంతకం పెట్టాలి. గడి చిన్నది, రెండు మాటలకు మించి పట్టదు. నాలుగు రోజులుగా ఆ గడిలో "ఏమీ లేదు" అని రాస్తూ ఉన్నాను. ఈ పొద్దున చూస్తే పేజీ నిండా నా చేతిరాతలో అదే మాట. చెప్పుకోవడానికి ఆ గడి చాలదు. అందుకే ఈ కాగితాలు తీశాను. నరసింహస్వామి సాక్షిగా జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా అడుగుపాలేనికి నీళ్లు తగ్గిపోతున్నాయని కొత్త బోరు తవ్వుతున్నారు. పైన ఎండకు మనిషి నిలవలేక మా అవ్వల కాలంలోనే కిందికి దిగిన ఊరు ఇది. నీళ్లు కూడా రాతిలోనే వెతుక్కోవాలి. బోరు మొన దగ్గర, మా గదికి ఆరు కిలోమీటర్ల దూరాన, కొన గది ఉంది. అక్కడ ముగ్గురు పని చేస్తున్నారు. మేస్త్రీ ఓబులమ్మ, ఆమె కింద సుంకన్న, పీరయ్య. మంగళవారం పొద్దున అక్కడికి పోయే దారి కూలింది. ఫోను తీగలన్నీ తెగాయి.

ఓబులమ్మ మా ఆయన చెల్లెలు. ఆరేళ్ల పిల్లగా నా చేతికి వచ్చింది. తల దువ్వినది నేనే, బడికి పంపినది నేనే. ఇప్పుడు దానికి ముప్పై నాలుగేళ్లు.

కొన గదికీ మాకూ మధ్య మిగిలింది బురద గొట్టం ఒక్కటే. బోరు మొన కాలిపోకుండా పల్చటి బురదను ఊరి పాత పంపుతోనే తోస్తూ ఉంటాం. అది కొన దాకా పోయి పక్క గొట్టంలో వెనక్కి వస్తుంది. ఆ బురద పారుతున్నంత సేపే కొన గదిలో మనిషి బతకగలడు. ఆగిపోతే రాతి వేడికి ప్రాణం పోవడానికి గంట కూడా పట్టదు. ప్రాణవాయువు డబ్బాలు మాత్రం పద్దెనిమిది రోజులకు ఉన్నాయి.

ఇంకొకటి కూడా ఉంది. కొన గదిలో ఒక ఇనుప పిడి. దాన్ని నొక్కితే గొట్టంలో బురదకు చిన్న తట్టు తగులుతుంది. ఆ తట్టు బురద మీదుగానే మా దాకా వస్తుంది. అయితే అదే బురద మీద మా పంపు కూడా మోదుతూ ఉంటుంది. తిరునాళ్లలో పలకల మోత మధ్య ఎవరో మెటిక విరిచినట్టుంటుంది ఆ తట్టు. దాన్ని ఏరడానికి ఇంజనీరు వసుధమ్మ కంప్యూటరులో ఒక జల్లెడ తయారు చేసింది. పంపు ఎప్పుడు కొడుతుందో జల్లెడకు తెలుసు. ఆ తాళంలో వచ్చినదంతా తీసేసి మిగిలినది చూపిస్తుంది.

మిగిలినది బుసబుస. బురదలో రాతిపొడి, గాలి బుడగలు. అంతే.

నాలుగో రోజు, మధ్యాహ్నం

సర్పంచి బాలకొండయ్యన్న వినికిడి గదికి వచ్చాడు. కూర్చోలేదు.

"నాంచారమ్మా, నాకు మాత్రం పాపమనిపించదా? తూర్పు వీధి మా వీధే. నిన్న ముగ్గురు పిల్లోళ్లు సొమ్మసిల్లి పడిపోయినారు. దారి కూలినప్పటి నుంచి ఆ పక్క గోడలు పెనం మాదిరి కాలతాండాయి. కొన గదికి పోయే బురద మాకు మళ్లిస్తే రెండొందల ఇళ్లు చల్లబడతాయి. చచ్చినోళ్లకు చల్లదనం ఎందుకమ్మా?"

"చచ్చినారని ఎవరు చెప్పినారన్నా?"

"బతికుండారని నువ్వు చెప్పు. నేను వీధి వీధంతా తడిగుడ్డలు చుట్టుకోని కూచోమంటా. చెప్పు!"

రిజిస్టరు ఆయన ముందే తెరిచి ఉంది, గడి గడిలోనూ "ఏమీ లేదు" అని.

ఏడో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి బురద మళ్లించే కవాటం తిప్పుతామని పంచాయతీలో తీర్మానం చేశారు. దారి తవ్వడం మొదలుపెట్టినా పది రోజులు పడుతుంది. అంతవరకూ బురద పారాలి. పారాలంటే వాళ్లు బతికి ఉన్నారని తెలియాలి. ఆయనను తిట్టుకోవడానికి నాకు నోరు రాలేదు. పిల్లలు పిల్లలే.

ఐదో రోజు

ఇవాళ శనివారం.

పొద్దున గదిలో నా వంతు అయ్యాక గుడి సావడిలో భజన పెట్టుకున్నాం. ఓబులమ్మ పేరున, మిగతా ఇద్దరి పేరున. ఇరవై మంది ఆడవాళ్లం ఉన్నాం. పొంగలి కోసం వసుధమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ పిల్ల మా ఊరిది కాదు. సముద్రం కింది ఊరి నుంచి వచ్చి రెండు నెలలైంది. అక్కడ పంపులు చప్పుడు చేయవట.

పాట ఆగగానే నా పక్కన కూర్చుంది. "పిన్నిగారూ, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. మీరంతా పంపుతో కలిపి చప్పట్లు కొడతారేంటండీ?"

"ఏ పంపు?" అన్నాను నేను.

ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసింది. "ఏ పంపేంటండీ! బుర్ర బద్దలవుతోంది నాకు. నిమిషానికి నలభై. మీకు వినపడ్డం లేదా?"

ఆడవాళ్లందరూ నవ్వారు. చెంగమ్మత్త అయితే, "పాపకు ఆకలి ముదిరి చెవుల్లో పంపు మోగతాంది, ఇంత పొంగలి జాస్తి పెట్టండే" అంది.

వసుధమ్మ నవ్వలేదు. వేలు చూపించింది. వంట దగ్గర మిరియాలు దంచుతున్న రోకలి. మెట్లు దిగుతున్న ముసలాయన అడుగులు. ఊయల ఊపుతున్న చెయ్యి. "అన్నీ పంపుతోనేనండీ. ఒక్కటీ తప్పదు."

అప్పుడు విన్నాను. చిన్నప్పటి తరువాత మొదటిసారి పంపును విన్నాను. అవును, రోకలి దాని మీదే పడుతోంది. మా అమ్మ నా చేతికి రోకలి ఇచ్చిన రోజున, పంపు కొట్టినప్పుడే దంచాలనీ, దెబ్బకూ దెబ్బకూ మధ్య దంచితే అది ఎదురుదెబ్బ, ఇంటికి అరిష్టమనీ చెప్పింది. తప్పితే చేతి మీద చిన్నగా చరిచేది. ఓబులమ్మ చేతి మీద నేనూ అట్లాగే చరిచాను. మా ఊళ్లో ఏ తల్లి చరవలేదు?

నా చేతిలో తాళాలు కింద పడ్డాయి.

"వసుధమ్మా, నీ జల్లెడ పంపు తాళంలో వచ్చిందంతా పారబోస్తుంది కదా?"

"అవునండీ. అదే కదా రొద."

"అయితే అది మా ఓబులమ్మను పారబోస్తాంది."

ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. మెల్లగా అంది. "దెబ్బకీ దెబ్బకీ మధ్యలో నొక్కాలని పుస్తకంలో రాసి ఉందండీ. శిక్షణలో కూడా అలాగే..."

"పుస్తకం ముందర పెట్టుకున్నంత సేపు అట్లే నొక్కుంటాది. చీకట్లో, భయంలో నాలుగు దినాలు కూచున్నాక చెయ్యి పుస్తకం మాట వినదు తల్లీ. అమ్మ మాట వింటాది."

ఇద్దరం లేచి పరుగెత్తాం. పొంగలి ఆకు అక్కడే ఉండిపోయింది.

ఐదో రోజు, సాయంత్రం

పంపు గదిలో దస్తగిరన్న మేస్త్రీ. నలభై ఏళ్లు వచ్చినవాడు, పంపును పెళ్లాం కంటే బాగా చూసుకుంటాడని అందరూ ఎగతాళి చేస్తారు. జల్లెడ తీసేసి చూస్తే పంపు తప్ప ఏమీ కనబడదు. జల్లెడ పెడితే రెండూ పోతాయి. పంపు ఆపి వినడానికి లేదు. ఊరికి గాలి కూడా దానితోనే.

"రెండూ ఒకే తాళంలో ఉంటే విడదీయడం అసాధ్యమండీ," అంది వసుధమ్మ తల పట్టుకుని.

నాకు భజన మాత్రమే తెలుసు. అదే చెప్పాను. ముందు కూర్చున్నామె వేగం పెంచితే, వెనక వరుసకు అది చేరేలోగా వాళ్లు పాత తాళంలోనే రెండు చప్పట్లు వేస్తారు. ఆ కాసేపు ముందు వరుసా వెనక వరుసా వేరువేరుగా వినబడతాయి.

దస్తగిరన్న నోరు తెరుచుకుని నన్నే చూశాడు. "అక్కా, గొట్టంలో దెబ్బ కొనదాకా పోవడానికి ఐదు సెకన్లు. వాళ్ల తట్టు మన దగ్గరికి రావడానికి ఇంకో ఐదు. నేను పంపు వేగం మార్చినానంటే పది సెకన్లు..."

"పది సెకన్లు మన పంపు కొత్త తాళంలో, వాళ్ల తట్లు పాత తాళంలో!" వసుధమ్మ ఎగిరి గంతేసింది. నిజంగానే గంతేసింది. నూనె మరకల నేల మీద జారి దస్తగిరన్న భుజం పట్టుకుంది.

ఒక్కసారి పది సెకన్లు వింటే బుసబుసలో ఏమీ తెలియదట. మళ్లీ మళ్లీ మార్చాలి. ప్రతిసారి దొరికిన పది సెకన్లను ఒకదాని మీద ఒకటి పేర్చాలి. తట్లు ప్రతిసారి అదే చోట పడతాయి కాబట్టి కలిసి పెరుగుతాయి. బుసబుస ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోయి తనను తానే చెరిపేసుకుంటుంది. జపం కూడా అంతే కదా అనుకున్నాను. ఒక్క నామం వేస్తే మనసులో గోలే వినబడుతుంది. మాల తిరిగేసరికి నామమొక్కటే మిగులుతుంది.

"ఎన్నిసార్లు?" అన్నాడు దస్తగిరన్న.

"నూట ఎనిమిది," అన్నాను. వసుధమ్మ లెక్క వేసి, వంద చాలన్నది. నేను నూట ఎనిమిదే అన్నాను.

"ఐదు నిమిషాలకొకసారి కంటే బిన్నా మార్చలేను. పంపు కవాటాలు కాలిపోతాయి. నా చేతికి వచ్చినప్పటి నుంచి నా తల్లి ఒక్క దెబ్బ తప్పలేదు. దానితో గంతులేయించమంటాండారు," అని పంపును నిమిరాడు.

ఆరో రోజు

ఊరు ఊరంతా తలకిందులైంది!

వసుధమ్మ రాత్రంతా కూర్చుని జల్లెడ సరిచేశాక, పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. నలభై నుంచి నలభై నాలుగు. ఐదు నిమిషాలాగి మళ్లీ నలభై. మొదటి మార్పుకే ఊయలల్లో పిల్లలందరూ ఒక్కసారి ఏడ్చారట. మెట్ల మీద జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. చెంగమ్మత్త సంగటి కెలుకుతూ కట్టె విరగ్గొట్టుకుని, ఆ కట్టె పట్టుకుని పంపు గదికే వచ్చింది. "యావడ్రా తాగి పంపు తోల్తాండేది?" సంగతి చెప్పాక అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. "ఇంకో నూరుసార్లు తోలండ్రా, నేను పచ్చి పిండి తింటాలే" అంది.

నేను తులసి మాలతో లెక్క పెట్టాను. ముప్పైకి ఏమీ లేదు. యాభైకి గీత మీద చిన్న చిన్న ఉబ్బులు. ఎనభైకి గుట్టలు! నూట ఎనిమిదికి, మధ్యాహ్నం మూడింటికి, తెర మీద ఆరు తట్లు వరసగా నిలబడ్డాయి. ఒకటిన్నర సెకనుకు ఒకటి. పాత తాళం.

నేను స్వామికి దండం పెట్టి కళ్లు తెరిచేసరికి వసుధమ్మ ఏడుస్తోంది. సంతోషమనుకున్నాను.

"పిన్నిగారూ, ఇది వాళ్లు కాకపోవచ్చండీ. గొట్టం చివర తగిలి మన పంపు దెబ్బే వెనక్కి వస్తుంది కదా. ప్రతిధ్వని. అది కూడా సరిగ్గా పది సెకన్లు పాత తాళంలోనే ఉంటుంది. నాకు నిన్ననే తట్టాల్సింది."

సర్పంచి అక్కడే ఉన్నాడు. ఆయన తిట్టలేదు, అరవలేదు. "రేపు పన్నెండు వరకూ టైముంది" అని మాత్రం అని వెళ్లిపోయాడు. అదే ఎక్కువ బాధనిపించింది.

నేను గుడికి పోయి కూర్చున్నాను. ప్రార్థన రాలేదు. భజనే గుర్తుకు వస్తూ ఉంది. ముందామె వేగం పెంచుతుంది, అది వెనక వరుసకు చేరుతుంది. చేరిన వెంటనే వాళ్లు మారతారా? మారరు! ఒకటి తప్పేస్తారు, రెండోది తప్పేస్తారు, సిగ్గుపడి నవ్వుకుని మూడోదానికి కలుస్తారు. నిన్నటి భజనలోనే చూశాను కదా. చెయ్యి వెంటనే తిరగదు. గోడకు తగిలి వచ్చే చప్పుడుకు చెయ్యి ఎక్కడిది?

చెప్పులు గుడి దగ్గరే వదిలేసి వినికిడి గదికి వచ్చాను.

"వసుధమ్మా, పది సెకన్ల తరువాత ఏముంది? పన్నెండో సెకనులో, పదమూడులో?"

ఆ పిల్లకు నేను రెండో మాట చెప్పనక్కర లేకపోయింది. "ప్రతిధ్వని అయితే పదో సెకనులో టక్కున మారుతుంది. మనుషులైతే తడబడతారు!" అని, వెంటనే నాలుక కరుచుకుంది. "కానీ నేను పది సెకన్ల దగ్గరే కత్తిరించి దాచానండీ. మిగతాది లేదు."

మళ్లీ మొదటి నుంచి చేయాలి. వేడెక్కిన పంపు కవాటాలు తెల్లవారే దాకా చల్లారాలన్నాడు దస్తగిరన్న.

ఏడో రోజు

ఆరు నుంచి పన్నెండు వరకు డెబ్బై రెండుసార్లే కుదురుతుంది. మాల పూర్తి కాదు. స్వామికి చెప్పుకున్నాను, ఈసారికి ముప్పై ఆరు నామాలు నీ బాకీ అని.

పదకొండుకు గది నిండిపోయింది. తూర్పు వీధి వాళ్లు కూడా వచ్చారు. వాళ్ల పిల్లలు తడి చీరల్లో చుట్టి ఉన్నారు. సర్పంచి కవాటం తాళంచెవి చేతిలో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

అరవైకి పది సెకన్ల లోపలి తట్లు బాగా లేచాయి. అవతలి భాగం ఇంకా మసకే. అరవై ఐదు. "ఏదో ఉబ్బతాంది, చూడు" అన్నాడు దస్తగిరన్న పంపు గది నుంచి ఫోనులో, తనకు తెర కనబడకపోయినా ఆశ కొద్దీ. అరవై తొమ్మిది.

వసుధమ్మ తెర మీద గోరు పెట్టింది.

పదో సెకను దాటింది. పాత తాళంలోనే ఇంకొక తట్టు. దాని పక్కన మరొకటి, అటూ ఇటూ కానిది, వెడల్పుగా చెదిరినది. మూడోది కొంచెం ముందుకు ఉరికింది. ఆ తరువాత ఏమీ లేదు. కొత్త తాళంలో కలిసిపోయి జల్లెడలోకి జారిపోయింది.

"సర్పంచిగారూ, ఇటు చూడండి," అంది వసుధమ్మ. "ఇక్కడ తప్పారు. ఇక్కడ దిద్దుకున్నారు. రాయి ఇలా తడబడదండీ."

బాలకొండయ్యన్న వంగి చాలాసేపు చూశాడు. ఆయనకు ఏం అర్థమైందో తెలియదు. లేచి నా వైపు తిరిగాడు. "నాంచారమ్మా, నువ్వు చెప్పు. ఇది చెయ్యేనా?"

నా గొంతు చిన్నది, మామూలుగా రెండోవాడికి వినబడదు. ఆ రోజు గదిలో అందరికీ వినబడింది.

"చెయ్యే అన్నా. బతికుండారు."

ఆయన తాళంచెవి జేబులో వేసుకుని తూర్పు వీధి వాళ్ల వైపు తిరిగాడు. "ఏం చూస్తాండారు? గుడ్డలు తడపండి. పిల్లోళ్లను పడమటి వీధికి తీసకపోండి, ఇంటికిద్దరు. తవ్వేటోళ్లు నాతో రాండి. బిన్నా, బిన్నా!"

చెంగమ్మత్త ఇద్దరు పిల్లలను చెరో చంకన వేసుకుని అప్పటికే బయలుదేరింది.

పదిహేడో రోజు

తవ్వి తీశారు. ముగ్గురూ బతికే ఉన్నారు! పీరయ్యకు కాలు విరిగింది. సుంకన్న బయటికి రాగానే సంగటి అడిగాడు. ఓబులమ్మ సగానికి చిక్కిపోయింది. అరచేతుల్లో తోలు లేదు.

మంచం మీద నుంచి నా చెయ్యి పట్టుకుంది. "వదినా, దారి కూలిన రెండు గంటలకే మొదలుపెట్టినాం. ముగ్గురం చేతులు మార్చుకుంటా కొట్టినాం. నీకెప్పుడు వినపడింది?"

నా పక్కన వసుధమ్మ ఊపిరి బిగబట్టడం తెలిసింది.

"మొదటి దినమే వినపడిందమ్మా," అన్నాను.

ఓబులమ్మ ముఖం వెలిగిపోయింది. సుంకన్న పడుకున్న పక్క మంచం వైపు తిరిగి, "ఏం సుంకన్నా, చెప్పలేదా నేను?" అని, మళ్లీ నాతో, "నాలుగో దినం వీడు పిడి ఇడిసిపెట్టి, 'ఎవరూ ఇనడం లేదు మేస్త్రీ, ఇంక చాలు' అన్నె. 'మా వదిన కూచోని ఇంటాంటాది, కొట్రా నాయనా' అంటి. అప్పుడు పట్టుకున్నాడు మళ్లీ" అని నవ్వింది. నవ్వుతూనే నిద్రపోయింది.

నా నోటితో తెలిసి ఆడిన అబద్ధం ఇది ఒక్కటే. స్వామి ముందు ఒప్పుకున్నాను. మళ్లీ అడిగినా అదే చెబుతాను, ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెప్పమని అందరినీ బతిమాలుకున్నాను.

వసుధమ్మా, నువ్వు వచ్చే నెల మీ ఊరికి పోతున్నావు. ఈ కాగితాలు నీతో తీసుకుపో. చించవద్దు. ఎక్కడో ఒక చోట నిజం ఉండాలి. నీ పెట్టె అడుగున, నీ చీరల కింద ఉండనీ. మా ఓబులమ్మ ఎప్పుడైనా మీ ఊరికి వస్తే మంచినీళ్లివ్వు, అన్నం పెట్టు, సముద్రం చూపించు. ఇవి మాత్రం చూపించకు.